పైడిరాజు అప్పగింత

సోమవారం. మంచు చిక్కగా పడింది. తొట్లన్నీ నిండాయి.

ఇది నీళ్ల పుస్తకం. ఏ వల ఎంత మంచు పట్టింది, ఏ తాడు తెగింది, ఏ తొట్టి కారుతోంది, అవి రాయడానికి ఇచ్చారు. ఈ కొండ మీది జైలుకి తాగే నీళ్లు మంచు పట్టే వలల్లోంచే రావాలి, అందుకే ఖైదీ అయినా డాక్టరైనా తెల్లవారగానే వెళ్లి వలలు పిండాల్సిందే. ఈ నెల పుస్తకం రాసే వంతు నాకు పడింది. నీళ్ల సంగతి పై గీతలో సరిపోతుంది. కింద బోలెడంత కాగితం ఖాళీగా ఉంది. ఖాళీ కాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోని జబ్బు నాకు ఈ పని నేర్పిన ఈశ్వరరావు మాస్టారి దగ్గర అంటుకుంది.

నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. నా కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. ఘోరం చేసిన మనిషి ఎందుకు చేశాడో కనిపెట్టే పని ఇక పూర్తిగా జల్లెడకే అప్పజెప్పారు. జల్లెడ అంటే తలకి తగిలించే యంత్రం. దాన్ని నడిపే రుబీనా మంచి పిల్ల, ముప్పై దాటినా నాకు పిల్లే. జల్లెడ మనిషి జ్ఞాపకాలన్నీ జల్లించి, వాటిలో కోపం ఎక్కడ పుట్టిందో ఆ ఒక్కదాన్ని చూపిస్తుంది. దాన్ని తీసేస్తారు. చేసిన నేరం గుర్తుంటుంది, అది మొలిచిన చోటు మాత్రం గుర్తుండదు. మనిషి మెత్తబడి ఇంటికి పోతాడు.

ఇంతకాలం నన్ను ఇక్కడ ఉంచింది ఒక్క చట్టం, ఈ నెలతో అదీ పోతోంది. తీసేముందు ఆ జ్ఞాపకాన్ని ఒక మనిషి పూర్తిగా విని, మనసులో పెట్టుకోవాలి. చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు ఎందుకు చంపాడని అడిగితే జవాబు చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. దానికి పెద్ద పేరేదో ఉంది. ఖైదీలు మాత్రం అప్పగింత అంటారు. పెళ్లికూతురి చేతిని పాలల్లో ముంచి అత్తవారికి అప్పగించినట్టు, తమ చిన్నతనాన్ని తెచ్చి నా చేతిలో పెడతారు. కొందరు అలాగే ఏడుస్తారు కూడా.

అలా విన్నవి నాలో చాలా ఉన్నాయి. మొన్న మాటల్లో రుబీనాకి, చిన్నప్పుడు మా కోడిపుంజు నన్ను వీధంతా తరిమిందని చెప్పి నవ్వించాను. తర్వాత గుర్తొచ్చింది, మాకు కోళ్లే లేవు. మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. ఆ పుంజు భూషణం అనే వడ్రంగిది. అతని మనసులోంచి ఏదో తీస్తుంటే అదీ దానితోపాటు పోయింది. ఇప్పుడు ఆ పుంజు నాకొక్కదానికే గుర్తుంది. ఎవరెవరి చిన్నతనాల మీదో నాకు బెంగ. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పను.

బుధవారం. గాలి. వలలు రెండు చిరిగాయి.

చిరిగిన వలలు కుట్టడానికి పైడిరాజుని పిలిపించుకున్నాను. ఇదే నా చివరి కేసు.

పైడిరాజు కింద గట్టు రేవులో పడవ పనివాడు. సముద్రం ఊళ్ల మీదికి వచ్చాక కట్టిన పొడుగాటి గట్టు అది. అతనికి నూకరాజు అని ప్రాణస్నేహితుడు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే పడవ, ఒకే కంచం. ఒకరోజు తాడు సరిగ్గా కట్టలేదని రేవు మేస్త్రి నూకరాజు చెంప మీద కొట్టాడు. నూకరాజు చెంప తడుముకుని నవ్వి ఊరుకున్నాడు. పక్కనే ఉన్న పైడిరాజు తెడ్డు తీసుకుని కొట్టాడు. మేస్త్రిని కాదు, నూకరాజుని. ఆపేసరికే ప్రాణం పోయింది.

స్నేహితుణ్ణి కొట్టినవాణ్ణి వదిలేసి స్నేహితుణ్ణి ఎందుకు చంపాడు? కోర్టులో నూకరాజు భార్య ఎరకమ్మ అడిగింది కూడా ఇదొక్కటే. పైడిరాజు తెలియదన్నాడు. అబద్ధం ఆడలేదని నాకు చూడగానే అర్థమైంది.

జల్లెడ చిన్నప్పటి రోజు ఒకటి చూపించింది. తీర్థంలో, అంటే గట్టు మీది జాతరలో, అతని తండ్రిని ఒక మేస్త్రి చెంపదెబ్బ కొట్టాడు. పసివాడు పక్కనే ఉన్నాడు. రుబీనా సంబరపడిపోయింది. ఇంత తేటగా ఎప్పుడూ దొరకలేదు మేడమ్ అంది. ఆ దెబ్బని ప్రస్తుతానికి కప్పి ఉంచారు. కొన్నాళ్లు అలా కప్పి చూసి, మనిషి నెమ్మదించాడనుకుంటే అప్పుడు శాశ్వతంగా తీస్తారు.

మా మాస్టారు ఖైదీని ఎదురుగా కూర్చోబెట్టి ఎప్పుడూ అడిగేవారు కాదు. పక్కన కూర్చుని ఇద్దరి చేతులకీ పని పెట్టుకునేవారు, చిక్కుడుకాయలు ఒలవడమో, చాప అల్లడమో. నేరం ఊసు ఎత్తేవారు కాదు. ఆవేళ ఏం తిన్నావురా అని మొదలుపెట్టేవారు. మధ్యలో టీ వచ్చేది, అల్లం దంచి వేసిన నిజమైన టీ. ఇప్పుడు మునగాకు కాచి దాన్నే టీ అనుకోమంటున్నారు. కారణం తెలుసుకున్నాక ఆ మనిషి కథనే ఇంకెవరిదో అన్నట్టు అతనికే చెప్పేవారు. వాడు పాపం ఏమయ్యాడు సార్ అని ఖైదీ అడిగేదాకా ఓపికపట్టేవారు. ఒక్కొక్కరికి ఏళ్లు పట్టేది. ఏళ్లు ఎవరి దగ్గర ఉన్నాయి అని ఆ పద్ధతి ఎత్తేశారు.

నేను కూడా పైడిరాజు పక్కన కూర్చుని వల ఒక కొస పట్టుకున్నాను. తీర్థంలో ఏం తిన్నావని అడిగాను. జీళ్లు అన్నాడు. అతని మొహం విప్పారింది. పళ్లకి అతుక్కుపోయి నోరు తెరవలేకపోయాడట, వాళ్ల అయ్య వేలు పెట్టి తీశాడట. కుట్టడం ఆపేసి ఆ వేలు ఎలా ఉండేదో చూపించాడు. గోరు నల్లగా ఉండేదట.

శుక్రవారం. నీళ్లు తక్కువ. రాయడానికి చెయ్యి రావడం లేదు.

వంటగదిలో గొడవ జరిగింది. గంజి ఒలకబోశాడని కాపలావాడు ఒక ముసలి ఖైదీని నలుగురిలో తిట్టాడు. ముసలాయన తలగోక్కుని ఇకిలించాడు. అంతే, పైడిరాజు గరిటె పట్టుకుని ముసలాయన మీదికి వెళ్లాడు. నలుగురు పట్టుకోబట్టి సరిపోయింది. ముసలాయనకి భుజం కమిలింది.

దెబ్బ జ్ఞాపకం కప్పే ఉంది. అయినా ఇలా జరిగింది. రుబీనా మొహం పాలిపోయింది. జల్లెడ తప్పు చెప్పదు మేడమ్ అని రెండుసార్లు అంది. తప్పు చెప్పిందని నేను అనలేదు. బరువైనది చూపించమంటే బరువైనదే చూపించింది. బరువైనదే మూలమని మనమే అనుకున్నాం.

సూపరింటెండెంటు పిలిచి తేల్చేశారు. ఇంకొక్కసారి కప్పి చూడొచ్చు. అదీ పనిచేయకపోతే పైడిరాజు లోపలి గదులకి వెళతాడు. ఆ గదుల్లోకి వెళ్లినవాళ్లు వలలు పిండటానికి కూడా బయటికి రారు. నాకున్న గడువు ఈ నెలాఖరు దాకే.

ఆదివారం. మంచు మామూలు.

ఇవాళ దొరికింది. దొరకకపోయినా బాగుండేదనిపిస్తోంది.

పైడిరాజు తనంతట తానే వచ్చి పక్కన కూర్చున్నాడు. ముసలాయన భుజం ఎలా ఉందని అడిగాడు. తర్వాత వల ఒళ్లోకి లాక్కున్నాడు. నేనొక కొస పట్టుకున్నాను. మళ్లీ తీర్థంలోకి వెళ్లాం. దెబ్బ కప్పి ఉంది కాబట్టి అతనికి ఆ ఒక్క ముక్కా లేదు. ముందూ వెనకా ఉన్నాయి. అయ్య భుజాల మీద ఎక్కించుకుని గట్టంతా తిప్పాడు. రంగులరాట్నం దగ్గర దించాడు. ఆ తర్వాత అయ్య నవ్వుతున్నాడు. పెదవి పక్కన ఎర్రగా ఉంది, నవ్వుతూనే ఉన్నాడు. జీళ్లు కొన్నాడు, రాట్నం ఎక్కించాడు. రాట్నం తిరిగి తన ముందుకి వచ్చిన ప్రతిసారీ అక్కడే నిలబడి నవ్వుతున్నాడు.

ఆ నవ్వు గురించి చెబుతుంటే పైడిరాజు కళ్లు తడిగా ఉన్నాయి. చేతులు మాత్రం వల తాడుని పుటుక్కున తెంపేశాయి. తెంపినట్టు అతనికే తెలియలేదు.

కోపం దెబ్బలో లేదు. దెబ్బ తిన్న మనిషి నవ్వడంలో ఉంది. కొట్టినవాడి మీద పసివాడికి కోపం రాలేదు, నవ్విన అయ్య మీద వచ్చింది. తర్వాత కొన్నాళ్లకే ఆ అయ్య గట్టు పనిలో సముద్రం పాలయ్యాడు. చచ్చిపోయిన అయ్య మీద కోపం ఎవరైనా ఎలా పెట్టుకుంటారు? లోపలే ఉండిపోయింది. నూకరాజు నవ్వినప్పుడు బయటికి వచ్చింది.

రుబీనాని పిలిచి నవ్వుని కప్పి చూడమన్నాను. కప్పాలంటే రంగులరాట్నం, జీళ్లు, భుజాల మీద తిరగడం, అన్నీ కలిపి కప్పాలట, విడదీయడం కుదరదట. తల్లి పురిట్లోనే పోయింది. పైడిరాజుకి తండ్రి గురించి గుర్తున్నది ఆ ఒక్క రోజే. నేను ఆ మాట చెప్పగానే రుబీనా యంత్రం కట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

మంగళవారం. మంచు బాగుంది.

దాచకుండా పైడిరాజుకి అంతా చెప్పాను. చెప్పకుండా కప్పేయడానికి నియమాలు ఒప్పుకుంటాయి, నాకు మనసొప్పలేదు.

విన్నాక వలని నెమ్మదిగా మడతపెట్టాడు. అడిగిన మొదటి మాట ఇది. "తీసేత్తే మాయ్య మొకం ఉండదు కదా డాక్టరమ్మా?"

ఉండదన్నాను. ఉంచుకుంటే జీవితమంతా లోపలి గదిలోనే అన్నాను.

గదికి భయం లేదన్నాడు. అయ్య ఉంటే ఏ గదైనా ఒకటేనట. నేను సరేనన్నాను. మనసులో తేలికపడ్డాను కూడా, ఆ నవ్వుని తీయించే పాపం నాకు తప్పిందని. సాయంత్రం వలలు ఆరేసే వేళకి మళ్లీ వచ్చాడు.

"ఆ గదిలోకి కూడు అట్టుకొచ్చేవోడు ఒకడుంటాడు కదమ్మా. ఆడ్నెవులో తిడతారు, ఆడు నవ్వుతాడు. నూకరాజునాటోడే ఇంకొకడు. ఒద్దమ్మా, తీసీండి."

 ఆరేసిన వల అంచు సర్ది మళ్లీ అన్నాడు. "మాయ్య మీ కాడుంటాడు కదా?"

ఉంటాడన్నాను. అంతకంటే గట్టి మాట నేనెవరికీ ఇవ్వలేదు.

ఆదివారం. ఎండ. వలలు ఊరికే ఊగుతున్నాయి.

కప్పి చూశారు. పనిచేసింది. వంటగదిలో అందరూ ఒకరినొకరు తిట్టుకుని ఇకిలించుకున్నారు, పైడిరాజు గంజి తాగుతూ కూర్చున్నాడు. ముసలాయనే భయపడి దూరంగా కూర్చున్నాడు.

ఎరకమ్మ పడవ మీద వచ్చింది. తీసే ముందు కారణం వినే హక్కు ఆమెది. పొట్టి మనిషి, తడిసిన చీర అంచు పిండుకుంటూ నిలబడే విన్నది. కూర్చోమన్నా కూర్చోలేదు. అంతా విన్నాక సముద్రం వైపు తిరిగింది.

"మా ఆయనకి నవ్వడం అలవాటమ్మా. మేస్త్రి కొట్టినా నవ్వీవోడు, నాను తిట్టినా నవ్వీవోడు. నవ్వేత్తే ఇంటికి కూడొత్తాదనీవోడు." చీర అంచు వదిలేసింది. "సేసింది మరిసిపోడు గదా ఆడు?"

మరిచిపోడు, ఎందుకు చేశాడో మాత్రం ఇక తెలియదు అన్నాను. ఆమె తల ఊపింది. అది క్షమించడమో, అంత శిక్ష చాలనుకోవడమో తేల్చుకోలేకపోయాను. వెళుతూ వెళుతూ ఆ పిల్లాడు జీళ్లు తిన్నాడా అని అడిగింది. తిన్నాడని చెప్పాను.

గురువారం. నీళ్లు చూడలేదు. ఎవరైనా రాసుకోండి.

అప్పగింత అయింది. పద్ధతి ప్రకారం అతను చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి, అతను ఔననేదాకా. కప్పినవన్నీ రుబీనా ఆ ఒక్కపూటకి తెరిచింది, దెబ్బతో సహా. తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్లని పెట్టారు. వాళ్ల అవసరం రాలేదు.

అన్నీ చెప్పాడు. అయ్య మెడ దగ్గర ఉప్పు వాసన. తలపాగా పట్టుకోరా, జుట్టు లాగకు అనడం. ఆవేళ పనికి రాకుండా తీర్థానికి వచ్చావేమిరా అంటూ మేస్త్రి జనంలోంచి వచ్చి కొట్టడం. అయ్య ఒక్కక్షణం పైడిరాజు వైపు చూసి, ఆ తర్వాతే నవ్వడం. ఆ ఒక్కక్షణం సంగతి మొదటిసారి బయటపడింది, దెబ్బతోపాటు అదీ కప్పేసి ఉంది. చెబుతున్న అతనికి దాని మీద ధ్యాసే లేదు. జీళ్ల పొట్లం దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను తిరిగి చెప్పాను. రాట్నం గుర్రం ఎర్రది అన్నాను. పచ్చదని దిద్దాడు. ఇంకోసారి చెప్పాను. ఔనన్నాడు. తర్వాత జల్లెడ ఉన్న గదిలోకి నడిచి వెళ్లాడు, వెనక్కి తిరిగి చూడలేదు. రుబీనా తన పని చేసింది, ఆ రోజు గురించి మేం మాట్లాడుకున్నదంతా కూడా దానితోపాటే పోయింది. అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఏడవకుండా, మునగాకు నీళ్లు కాచి ఇచ్చింది. ఇన్నేళ్లలో అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు.

రేపు నా సామాను కిందికి దించుతారు. ఈ పుస్తకం అడిగితే, నీళ్లు రాసిన కాగితాలు చించి ఇచ్చి మిగతాది పట్టుకెళ్తాను.

గట్టు తీర్థం రోజు. ఇక్కడ మంచు వలలు లేవు. నీళ్లు పడవలో వస్తాయి.

పుస్తకం దాదాపు ఏడాది తర్వాత తెరిచాను. మామూలుగా అయితే తెరిచేదాన్ని కాదు.

అప్పగింత విన్న డాక్టరు ఆ మనిషిని మళ్లీ కలవకూడదు. తీసినదాన్ని తిరిగి వింటే అది మళ్లీ వేరు పట్టొచ్చని భయం. ఇన్నేళ్లలో ఈ నియమాన్ని నేనెప్పుడూ దాటలేదు. ఇవాళ తీర్థానికి నా కాళ్లు నన్ను తీసుకెళ్లాయని రాస్తే అబద్ధం అవుతుంది. చూడాలనే వెళ్లాను. రంగులరాట్నం చూసి, జీళ్లు కొనుక్కుని, రేవు వైపు నడిచాను. పైడిరాజు మెట్ల మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కొంచెం లావయ్యాడు. నన్ను చూడగానే లేచి, తువ్వాలుతో మెట్టు తుడిచాడు.

జీళ్లు చెరి సగం తీసుకున్నాం. వల ఒక కొస నేను పట్టుకున్నాను. కాసేపటికి అతను అడగనే అడిగాడు.

"నూకరాజుని నానెందుకు సంపేసినానో మీకు తెలుసంట కదమ్మా. ఎరకమ్మ కూడా ఎరుగును. రోజూ కనబడతాది, సెప్పదు. నాకే తెల్దు. పొద్దున్న లేత్తే అదే, పడుకున్నా అదే. ఊరికినే సంపేసినానా?"

చెప్పకూడదన్నాను. తెలుసన్నట్టు తల దించుకున్నాడు. మనిషి నెమ్మదించాడు, నిజమే. అయితే కారణం లేకుండా స్నేహితుణ్ణి చంపినవాడిగా తనని తాను చూసుకుంటూ బతుకుతున్నాడు. మేం అతనికి ఇచ్చి పంపింది ఇది. నాకు మాస్టారు గుర్తొచ్చారు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆయన చేతులు గుర్తొచ్చాయి.

"నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పనా?" అన్నాను.

చెప్పాను. మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీర్థం అంతా తిప్పాడని. మెడ దగ్గర ఉప్పు వాసన వేసేదని. మేస్త్రి వచ్చి నలుగురిలో కొట్టాడని.  అతని చేతిలో వల అల్లే సూది ఉంది, నా కళ్లు దాని మీదే ఉన్నాయి. నాకు భయం వేసింది. అయినా చెప్పాను. నాన్న ఒక్కక్షణం నా వైపు చూసి, ఆ తర్వాత నవ్వాడని, ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయిందని, చాలా ఏళ్లు నాన్నని క్షమించలేదని.

సూది కదలలేదు. పైడిరాజు జీడిముక్క నములుతూ ఆలోచించాడు.

"మిమ్మల్ని సూసినాకే గదమ్మా నవ్వినాడు. మీకోసరం నవ్వినాడు. తీర్థం రోజు పసిగుంట మొకం సిన్నబోతాదని." తర్వాత సూది పక్కన పెట్టేశాడు. "ఎంత నొప్పుంటాదో పాపం."

 జీళ్లు పళ్లకి అతుక్కుని మాట రాలేదనుకున్నాడో ఏమో, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ కథ ఎవరిదో అతను ఊహించాడా? మనుషుల మొహాలు చదవడం నా వృత్తి, ఆ మొహం మాత్రం చదవలేకపోయాను. రాట్నం గుర్రం ఏ రంగని అడిగాడు. పచ్చదన్నాను. నవ్వాడు.

పడవ ఎక్కించి తాడు విప్పుతూ, మళ్లీ వచ్చినప్పుడు మీ అయ్య సంగతి ఇంకోటి సెప్పండమ్మా అన్నాడు. సరేనన్నాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క రోజే. వచ్చే తీర్థానికి వెళ్లి మళ్లీ అదే చెబుతాను.